మీ ఇంటి నెలను ఎనిమిదో తారీకున మొదలుపెట్టండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. ఇంట్లో నేను, మావారు, అత్తమ్మ, ఇద్దరు పిలకాయలు. పెద్దవాడు తొమ్మిదో తరగతి, చిన్నది ఐదు. మావారి జీతం 32,000. మూడో తారీకు నుంచి ఏడో తారీకు లోపల ఏ రోజు పడుతుందో చెప్పలేం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, నాకు పదో తారీకున 11,000 ఇస్తారు. ఐదో తారీకులోపు అద్దె 7,500 ఇవ్వాలి, ఐదునే బండి వాయిదా 3,400 కట్ అవుతుంది. ఈ ఏడాది రెండుసార్లు బౌన్స్ అయింది. పన్నెండున చీటీ 5,000 (లక్ష చీటీ, ఇరవై మంది). ఒకటో తారీకు వచ్చిందంటే పాలాయన, సరుకులు, కరెంటు, స్కూలు ఆటో అన్నీ ఒక్కసారే మీద పడతాయి. నెల సరుకులు తెచ్చాక కూడా నాలుగైదు సార్లు అంగడికి పోక తప్పడం లేదు. ఇరవై దాటితే చేబదుళ్లే. ఇవి కాక ఫీజులు, పండగలు, పెళ్లిళ్లు, ఎల్ఐసీ కలిపి ఏడాదికి 65,000 దాకా అవుతాయి. ప్రతి నెలా కొత్త నోట్‌బుక్కు పెట్టి లెక్క రాయడం మొదలుపెడతాను, నాలుగో రోజుకు ఆగిపోతుంది. నెల మొదట్లోనే పద్ధతిగా సర్దుకోవడం ఎలా? నెల ఖర్చుల పట్టీ వెనక పేజీలో రాశాను.
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మీ పట్టీలో అంకెల కంటే వాటి పక్కనున్న తేదీలే అసలు సంగతి చెబుతున్నాయి. ఐదో తారీకులోపు మీ చేతినుంచి పోవాల్సినవి చూడండి. అద్దె 7,500, బండి వాయిదా 3,400, పాలకు 2,900. మొత్తం 13,800. అదే ఐదు రోజుల్లో కచ్చితంగా వస్తుందని చెప్పగలిగిన డబ్బు ఒక్క రూపాయి కూడా లేదు. జీతం మూడున పడిన నెల గట్టెక్కుతున్నారు, ఏడున పడిన నెల బౌన్స్ అవుతోంది. దీనికి ఎంత పొదుపుగా ఉన్నా, ఎన్ని నోట్‌బుక్కులు రాసినా ఫలితం ఉండదు. ముందు తేదీలు కుదరాలి, సరుకుల సంగతి ఆ తర్వాత.

జీతాలు ఏడో తారీకులోపు ఇచ్చే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది కాబట్టి మీవారి జీతం ఏడునే పడుతుందనుకుని లెక్క వేసుకోండి. అంటే మీ ఇంటి నెల ఎనిమిదిన మొదలై వచ్చే నెల ఏడున ముగుస్తుంది. సరుకులు ఎనిమిదిన, పాల లెక్క ఎనిమిదిన, స్కూలు ఆటోకు ఎనిమిదిన. పాలాయనకు, ఆటో ఆయనకు ఒకసారి చెబితే చాలు. ప్రతి నెలా ఫలానా రోజు తప్పకుండా చేతికొస్తుందంటే ఎవరూ కాదనరు. వాళ్లకు ఇబ్బంది పెట్టేది "రేపు, ఎల్లుండి" అనే మాటే. సరుకులకు కూడా ఇది లాభమే. ఒకటి నుంచి ఐదు వరకు అంగళ్లలో రద్దీ, ఎనిమిదికి నింపాదిగా చూసి కొనుక్కోవచ్చు.

ఇక అద్దె, బండి వాయిదా. ఈ రెండూ కలిపితే 10,900. మీ స్కూలు జీతం 11,000. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉండటం మీ అదృష్టం. పదో తారీకున వచ్చే మీ జీతాన్ని ఆ నెలలో ముట్టుకోకుండా వచ్చే నెల ఐదుకు దాచగలిగితే, మీవారి జీతం ఎప్పుడు పడినా ఆ రెండింటికీ దానితో పని ఉండదు. ఇంటి తక్కిన ఖర్చంతా 32,000లో నడుస్తుంది. ఆ మొదటి 11,000 ఎక్కడి నుంచి తేవాలన్నది చివర్లో చూద్దాం.

వాయిదా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బండి వాయిదాలు ఎక్కువగా నాచ్ మాండేట్ మీద, అంటే ప్రతి నెలా ఖాతాలోంచి తీసుకోవచ్చని మనం ముందే రాసిచ్చిన అనుమతి మీద కట్ అవుతాయి. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ వారంలో ఏడు రోజులూ పనిచేస్తోంది. ఐదో తారీకు ఆదివారమైనా, సంక్రాంతి సెలవైనా కట్ అవుతుంది. బ్యాంకు సెలవు కదా, సోమవారం వేద్దాంలే అనుకుంటే బౌన్స్ అయినట్టే. ఐదున మధ్యాహ్నం డబ్బు వేసినా లాభం ఉండకపోవచ్చు, కంపెనీ తరఫున బ్యాంకును అడగడం ఉదయమే అయిపోయి ఉంటుంది. నాలుగో తారీకు సాయంత్రానికే ఖాతాలో 3,400 ఉండాలి. ఉండాల్సింది మినిమం బ్యాలెన్స్ పోను 3,400 అన్నది కూడా గుర్తుంచుకోండి. బౌన్స్ అయితే బ్యాంకు ఒక ఛార్జీ జీఎస్టీతో వేస్తుంది, ఫైనాన్స్ కంపెనీ ఇంకొకటి వేస్తుంది, పైగా మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రికార్డులో ఆలస్యం కింద పడవచ్చు. వాయిదా తేదీని పదికి మార్చమని కంపెనీని అడగండి. కొందరు ఒప్పుకుంటారు, కొందరు కొత్త మాండేట్ మీద సంతకం అడుగుతారు. ఇంటి ఓనరును కూడా ఎనిమిదో తారీకు అడిగి చూడండి. ఏ ఒక్కరు ఒప్పుకున్నా ముందుగా దాచాల్సిన మొత్తం తగ్గుతుంది.

ఇప్పుడు 32,000 ఎలా నడుస్తుందో చూద్దాం. మీ పట్టీ ప్రకారం చీటీ 5,000, సరుకులు 7,000, పాలు 2,900, కరెంటు, గ్యాసు, ఫోన్లు, నెట్ కలిపి 3,600, ఆటో 1,600, పెట్రోలు 2,000, అత్తమ్మ మందులు 1,500, కూరగాయలు, గుడ్లు, చేపలు 5,200. మొత్తం 28,800. మిగిలేది 3,200. కానీ మీరే రాశారు, ఏడాదికోసారి వచ్చే ఖర్చులు 65,000 అని. పన్నెండుతో భాగిస్తే నెలకు 5,416. అంటే పైకి 3,200 మిగులు కనిపిస్తున్నా నిజానికి నెలకు 2,200 తరుగు. ఇరవయ్యో తారీకు తర్వాత మీరు తెస్తున్న చేబదుళ్లలో చాలా భాగం ఈ తరుగే. జూన్‌లో ఫీజు కట్టిన లోటు ఆగస్టులో చేబదులుగా బయటపడుతుంది, అప్పటికి కారణం మనకు గుర్తుండదు.

దీన్ని పూడ్చే దారి కొంత మీ చీటీలోనే ఉంది. లక్ష చీటీలో ఒకరు 25,000 తగ్గించుకుని పాడారనుకుందాం. ఆయన చేతికి 75,000 వస్తుంది. ఆ 25,000లో చీటీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ లక్ష మీద 5 శాతం అయితే 5,000 పోగా మిగిలిన 20,000 ఇరవై మందికీ పంచితే తలా 1,000. మీరు కట్టాల్సింది 4,000. మీరైతే పట్టీలో 5,000 రాసుకున్నారు కదా, ఆ వెయ్యి ఏమవుతోంది? చాలా ఇళ్లలో అది ఎవరికీ తెలియకుండా కలిసిపోతుంది. చీటీకి ఎప్పుడూ 5,000 పక్కన పెట్టండి, డివిడెండ్‌గా మిగిలింది ఆ రోజే ఏడాది ఖర్చుల ఖాతాకు మార్చండి. మొదటి నెలల్లో పాట గట్టిగా ఉంటుంది కాబట్టి ఎక్కువ మిగులుతుంది, చివరి నెలలకు తగ్గిపోతుంది. సగటున నెలకు వెయ్యి దాకా అనుకుంటే తరుగు 1,200కు వస్తుంది. పదివేలు కటకటగా ఉందని పాతికవేలు తగ్గించుకుని పాడటం మాత్రం వద్దు. పాడాక కూడా చివరిదాకా నెలనెలా కట్టాల్సిందే. పాడేదుంటే ఫీజులు కట్టే నెలలోనే పాడి, ఆ డబ్బు ఫీజుల ఖాతాలోకే వెళ్లేలా చూసుకోండి. ఇంకో మాట. చీటీ 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో అడిగి తెలుసుకోండి. కమిషన్ 7 శాతం దాటకూడదని 2019 సవరణ చెబుతోంది. తెలిసినవాళ్ల దగ్గర నమ్మకం మీద వేసే చీటీకి ఈ రక్షణ ఏదీ ఉండదు.

మిగిలిన 1,200లో సగం పైగా అంగడి రాకపోకల్లో దొరుకుతుంది. జీలకర్ర కోసం వెళ్లినవాళ్లు జీలకర్రతోనే తిరిగి రారు. ఇరవై రూపాయల వస్తువుకు వెళ్లి నూటయాభై ఖర్చు చేసి వస్తారు. నెలకు ఐదుసార్లంటే 750. ఇలా ఎందుకవుతుందంటే పట్టీ జ్ఞాపకం మీద రాస్తారు కాబట్టి. బియ్యం, పప్పు, నూనె అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి ఆవాలు, మెంతులు, ఇంగువ, గిన్నెల సబ్బు, అగ్గిపెట్టెలు.

ఏడో తారీకు సాయంత్రం డబ్బాలన్నీ దించి మూతలు తీసి చూడాలి. ఇది మీ ఒక్కరి పని అనుకోవద్దు. తొమ్మిదో తరగతి పిల్లవాడు చక్కగా చేయగలడు, మీరు పొయ్యి దగ్గర ఉండి అడుగుతుంటే చాలు. ఒక అట్ట మీద మీ ఇంటి వస్తువులన్నీ, పక్కన నెలకు ఎంత కావాలో ఒకేసారి రాసిపెట్టుకోండి. ప్రతి నెలా కొత్తగా రాసేది ఒక్కటే: డబ్బాలో ఎంత ఉంది. కావాల్సిందాంట్లోంచి ఉన్నది తీసేస్తే కొనాల్సింది వస్తుంది. అట్టను అల్మారా తలుపు లోపలివైపు అంటించి పక్కన పెన్సిలు కట్టండి. ఆఖరి ప్యాకెట్టు విప్పినవాళ్లు అప్పుడే దాని పేరు పక్కన గీత పెట్టాలి. అయిపోయాక కాదు, విప్పినప్పుడు.

మీ ఐదుగురికి ఎంత కావాలో కొన్ని ముఖ్యమైనవి చెబుతాం, మీ వాడకాన్ని బట్టి దిద్దుకోండి. బియ్యం: పెద్దవాళ్లకు పూటకు 125 గ్రాములు. తొమ్మిదో తరగతి పిల్లవాడు పెద్దవాళ్ల లెక్కే. నలుగురికి రెండు పూటలకు కేజీ, చిన్నదానికి 150 గ్రాములు, రోజుకు 1,150 గ్రాములు. ఇప్పుడు అంగళ్లలో ఎక్కువగా దొరికేది 26 కేజీల బస్తా. 2022 జులై 18 నుంచి 25 కేజీల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చాక ఈ 26 కేజీల బస్తాలు పుట్టుకొచ్చాయి. 26 కేజీలు మీకు 22 రోజులే వస్తాయి. ఒక బస్తా తెచ్చి నెల గడవాలంటే గడవదు, నెలాఖరులో ఐదు కేజీలు, మూడు కేజీలు విడిగా కొంటున్నారంటే ఇదే కారణం. మూడు నెలలకు సరిగ్గా నాలుగు బస్తాలు పడతాయి. ఒక నెల రెండు, తర్వాతి రెండు నెలల్లో ఒక్కోటి. బస్తా మూతి విప్పిన తేదీ ఒక చీటీ ముక్క మీద రాసి లోపల పడేయండి. రెండు బస్తాలు పోయేసరికి మీ అసలు వాడకం తెలిసిపోతుంది. నెల్లూరు మసూరి అయినా బీపీటీ అయినా కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, అన్నం ఒదగదు కాబట్టి ఖర్చు కూడా కొంచెం ఎక్కువ. మన దగ్గర ఏప్రిల్ ప్రాంతంలో కొత్తవి వచ్చినప్పుడు చవగ్గా ఉన్నాయని వెంటనే వండుకోవడానికి తేవద్దు. తెచ్చినా ఆరు నెలలు ఆగనివ్వండి.

కందిపప్పు మూడు కేజీలు. మినపగుళ్లు రెండుంపావు కేజీలు, పావు కేజీ గుళ్లకు అర కేజీ ఇడ్లీ రవ్వ పోసి రుబ్బితే మీ ఇంటికి రెండు పూటల టిఫిను వస్తుందన్న లెక్కన. పంచదార రెండు కేజీలు, టీ పొడి అర కేజీ. చింతపండు 750 గ్రాములు, వారానికోసారి చేపల పులుసు పెట్టే ఇళ్లకు అర కేజీ చాలదు. నూనె నాలుగు లీటర్లు. నూనె దగ్గర ఒక్క జాగ్రత్త. లీటరు నూనె తూకం సుమారు 910 గ్రాములు. చూడటానికి అదే సైజు ప్యాకెట్టు, మీద 850 అనో 800 అనో ఉంటుంది. ధర తక్కువని సంబరపడేముందు గ్రాములు చూడండి.

ఉప్మా రవ్వ, శనగపిండి, మైదా లాంటివి మాత్రం నెలకు మించి కొనొద్దు. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ ముసురులో రవ్వకు, పప్పుకు పురుగు పడటం ఖాయం. సెప్టెంబరు ఎండలోనే కందిపప్పు ఒకసారి ఆరబోసి, పూర్తిగా చల్లారాక డబ్బాకెత్తుకోండి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ చేరి ఇంకా పాడవుతుంది. రవ్వను నూనె లేకుండా దోరగా వేయించి పెట్టుకోవచ్చు.

ఆ మూడు నెలల్లో నెల మొదటి సర్దుబాటుకు ఇంకో అంశం చేరుతుంది. 2021 నవంబరులో పెన్నాకు వరదొచ్చి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనూ కరెంటు, రాకపోకలు ఇబ్బంది పడ్డాయి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో నిండు సిలిండరు ఒకటి, అత్తమ్మ మందులు పది రోజులకు అదనం, కొవ్వొత్తులు, టార్చిలైటు, వంద, యాభై నోట్లలో రెండు వేలు ఇంట్లో ఉండాలి. కరెంటు, నెట్‌వర్కు లేనప్పుడు ఫోన్‌పే పనిచేయదు.

కూరగాయలు, గుడ్లు, చేపల డబ్బు 5,200ను నాలుగు వారాలకు 1,300 చొప్పున పంచుకుంటున్నారని పట్టీలో ఉంది. అక్కడే చిక్కు. నెలంటే నాలుగు వారాలు కాదు, ఇంకో రెండు మూడు రోజులు మిగులుతాయి. ఆ రోజులకు డబ్బే లేదు. 1,150 చొప్పున నాలుగు కవర్లు, ఆఖరి రోజులకు 600తో ఐదో కవరు చేసుకోండి. ఫోనుతో కట్టే అలవాటుంటే యూపీఐ లైట్ ఈ పనికి బాగా పనికొస్తుంది. అందులో మొత్తం 5,000 దాకా పెట్టుకోవచ్చు, ఒక్కోసారి 1,000 వరకు పిన్ లేకుండా కట్టొచ్చు. వారం మొదట్లో 1,150 వేసుకోండి, తానంతట తాను నింపుకునే ఆటో టాపప్‌ను ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే కవరుకు అడుగు లేనట్టే. జీతం పడే ఖాతాను రోజువారీ చెల్లింపులకు వాడకపోవడం ఇంకా మేలు. మీ స్కూలు జీతం దాచే ఖాతాకైతే ఏ యాపూ కలపొద్దు.

కరెంటు బిల్లు నెలనెలా ఎక్కువతక్కువలవుతోందని పట్టీలో రాశారు. మీటరు అంకెను నెల మధ్యలో ఒకసారి చూసుకోండి. బిల్లు మీద పోయిన రీడింగ్ ఉంటుంది, ఇప్పటి అంకెలోంచి అది తీసేస్తే ఎన్ని యూనిట్లు అయ్యాయో తెలుస్తుంది. కరెంటు ఇచ్చే సంస్థలు వేరు, కావలి ఎస్పీడీసీఎల్ కిందికి, ఒంగోలు సీపీడీసీఎల్ కిందికి వస్తాయి గానీ ఇళ్ల రేటు ఒకటే. మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, అక్కడి నుంచి 400 దాకా 8.75. ఒక యూనిటు దాటితే మొత్తం బిల్లు పై రేటుకు పోతుందని చాలామంది భయపడతారు, అలా ఉండదు. దాటిన యూనిట్లకే పై రేటు. 260 యూనిట్లయితే యూనిట్ల ఖర్చు 1,323 రూపాయలు, ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, సర్దుబాటు ఛార్జీలు వేరే. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ వేస్తే బిల్లు ఎలాగూ పెరుగుతుంది. అందుకే కరెంటుకు ఏడాది పొడవునా ఒకే మొత్తం పక్కన పెట్టండి, చలికాలంలో మిగిలింది ఎండాకాలానికి.

ఫోన్ రీచార్జిది చిన్న విషయమే గానీ తేదీలన్నీ అదే పాడుచేస్తుంది. 28 రోజుల ప్యాక్ ఏడాదికి పన్నెండుసార్లు కాదు, పదమూడుసార్లు వేయాలి. జనవరి 8న వేస్తే ఫిబ్రవరి 5, మార్చి 5, ఏప్రిల్ 2, ఏప్రిల్ 30. ఇలా జరిగి జరిగి జీతం పడకముందే వచ్చి కూర్చుంటుంది. 2022లో ట్రాయ్ ఆదేశించాక ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాను ఒకటైనా అన్ని కంపెనీల్లో ఉండాలి. యాప్‌లో పైన కనిపించదు, వెతకాలి.

అత్తమ్మ మందులు కూడా అంతే. బీపీ మాత్ర 15 ఉన్న స్ట్రిప్పు, షుగరు మాత్ర 10 ఉన్న స్ట్రిప్పు అయితే రెండూ వేర్వేరు రోజుల్లో అయిపోతాయి, 31 రోజుల నెలలో ఒకరోజు తగ్గుతుంది. ఒక్కసారి అన్నిటికీ వారం రోజుల మందులు అదనంగా కొని విడిగా ఒక డబ్బాలో పెట్టండి. ఆ తర్వాత ప్రతి ఎనిమిదిన నెలకు సరిపడా తెస్తూ, డబ్బాలోని పాతవి ముందు వాడి కొత్తవి అందులోకి చేర్చండి.

పాల లెక్కకు నోట్‌బుక్కు అక్కర్లేదు. రోజుకు మూడు అర లీటరు ప్యాకెట్లు ఖాయం కాబట్టి వేయించుకున్న రోజులు రాయడం దండగ. తేడా వచ్చిన రోజు మాత్రమే క్యాలెండరులో ఆ గడిలో రాయండి, వద్దన్న రోజు "0", చుట్టాలొచ్చి ఎక్కువ తీసుకున్న రోజు "+1". 31 రోజులకు 93 ప్యాకెట్లు, ఒక పూర్తి రోజు మానేస్తే 3 తీసేయాలి, రెండు అదనమైతే కలపాలి, 92. పాలాయన లెక్కతో తేడా వస్తే ఏ రోజన్నది వెంటనే తెలుస్తుంది.

మీ నోట్‌బుక్కు నాలుగో రోజుకు ఎందుకు ఆగిపోతుందో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. ప్రతి రూపాయీ రాయాలనుకుంటున్నారు. ఒకరోజు మానేస్తే లెక్క కలవదు, కలవని లెక్క మళ్లీ తెరవాలనిపించదు. అద్దె, వాయిదా, చీటీ, ఆటో ఎంతో మీకు ఎలాగూ తెలుసు. రాయాల్సినవి మూడే: ఆదివారం సాయంత్రం కూరల కవరులో ఎంత మిగిలింది, ఖాతాలో ఎంత ఉంది, వచ్చే వారం కట్టాల్సింది ఏమిటి. ఇది గోడ క్యాలెండరు అంచున పడుతుంది. అంగడివాళ్లు ఇచ్చే తిథి, నక్షత్రాల క్యాలెండరే మంచిది. శ్రావణం, మాఘం లాంటి పెళ్లిళ్ల నెలలు, మూఢం ఎప్పుడో అందులోనే కనిపిస్తాయి, చదివింపులకు ఎంత పెట్టాలో ముందే తెలుస్తుంది. రొట్టెల పండగకు ఇంటికి చుట్టాలొచ్చే నెల్లూరు వాళ్లు ఇంకోటి గమనించాలి. ఆ పండగ జరిగే మొహర్రం ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది, పోయిన ఏడాది నెలను నమ్ముకోకూడదు. ఎల్ఐసీ ప్రీమియం, బండి ఇన్సూరెన్సు, పొల్యూషన్ గడువులు ఏడాది మొదట్లోనే ఎర్ర సిరాతో రాసేయండి. సొంతిల్లున్నవాళ్లయితే ఏప్రిల్ పేజీలో ఒకటి చేర్చుకోవాలి. నెల్లూరు, ఒంగోలు లాంటి చోట్ల ఆస్తి పన్ను ఏడాదిది ఒకేసారి ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది.

బియ్యం కార్డు ఉన్న ఇళ్లకు ఈ ఎనిమిదో తారీకు లెక్క కొంచెం మారుతుంది. 2025 జూన్ నుంచి రేషన్ దుకాణాల్లో ఒకటి నుంచి పదిహేను వరకే ఇస్తున్నారు. సరుకుల పట్టీ రాసే ముందే అది తెచ్చుకోవాలి.

ఇక ఆ మొదటి 10,900. ఒకే నెలలో తీసే ప్రయత్నం చేయొద్దు, చేస్తే మళ్లీ చేబదులే. ముందు బండి వాయిదా ఒక్కటే చూడండి. ఈ నెల మిగిలే 3,200కు చీటీలో మిగిలేది కలిపితే వచ్చే నెల ఐదుకు 3,400 సిద్ధం. బౌన్స్ అక్కడితో ఆగుతుంది. తర్వాతి నాలుగు నెలలు నెలకు 1,900 చొప్పున అద్దెకు దాస్తే 7,600 అవుతుంది. ఆ నాలుగు నెలలూ ఏడాది ఖర్చుల ఖాతాలోకి పడాల్సినంత పడదు కాబట్టి, మధ్యలో ఫీజు కట్టే నెల రాకుండా చూసుకుని మొదలుపెట్టండి. ఆరో నెల నుంచి మీ స్కూలు జీతం మొత్తం వచ్చే నెలకే. ఇదంతా చేసినా నెలకు నాలుగైదు వందల తరుగు మిగిలే ఉంటుంది, దాన్ని ఏ పద్ధతీ పూడ్చదు. పెట్రోలో, నెట్ ప్లానో, పండగ బట్టలో, ఏదో ఒకటి ఇద్దరూ కూర్చుని తగ్గించుకోవాలి.

ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ మాత్రం ఈ వారమే చేయండి, మాండేట్ మారడానికి సమయం పడుతుంది. కొత్త తేదీ అమల్లోకి వచ్చిందని మెసేజ్ వచ్చేదాకా నాలుగో తారీకు సాయంత్రానికి ఆ 3,400 ఖాతాలో ఉంచండి.